వెన్నుపాముకు కరెంటు పెడితే సీపీ (సెరిబ్రల్ పాల్సీ) పిల్లలు నడుస్తారా? అర ఎకరం అమ్మాలా వద్దా?

బంటి_నాన్న
మా బాబుకు ఈమధ్యే ఆరేళ్లు నిండాయి. ముప్ఫై వారాలకే పుట్టాడు. మెదడు దెబ్బతినడం వల్ల రెండు కాళ్లూ బిగుసుకుపోయే రకం సీపీ అని ఏడాదిన్నర వయసులో తేల్చారు. మాట బాగుంది, తెలివి బాగుంది, అంకెలు వందదాకా చెబుతాడు. వాకర్ పట్టుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తాడు గానీ మడమలు నేలకు ఆనవు, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుని ఎర్రగా కందిపోతాయి. నెల క్రితం మా బావమరిది ఒక వీడియో పంపాడు. అందులో ఒక పాప వీపుకు పట్టీలు అతికించి, వాటికి సన్నని వైర్లు తగిలించి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తున్నారు. అమెరికాలో ఎడ్గర్టన్ అనే ప్రొఫెసర్ పరిశోధన అని కింద రాసి ఉంది. ఆ తర్వాత వారం తిరక్కుండానే పక్క టౌన్లో ఒక సెంటరు వాళ్లు అదే చికిత్స తామూ చేస్తున్నామన్నారు. నలభై సిట్టింగులకు రెండున్నర లక్షలట, మొత్తం ముందే కడితే పాతిక వేలు తగ్గిస్తారట. మాకున్నది ఎకరంన్నర మాగాణి, అందులో అర ఎకరం బేరానికి పెట్టాను. ముందు తెలిసినవాళ్లను అడగమని మా ఆవిడ పట్టుబట్టింది కాబట్టి అడుగుతున్నాను. ఈ పరిశోధన నిజమేనా, నిజమైతే మా వాడికి పనికొస్తుందా?

సందేహాల_సుబ్బయ్య
ముందే కడితే తగ్గిస్తామన్న మాట చీరల కొట్టులో వినాలి గానీ వైద్యశాలలో వినకూడదు. ఎవరైనా వివరంగా చెప్పేదాకా ఆ బేరం ఆపండి.

నాడీపథం
నేను కాలిఫోర్నియాలో నాడీశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. ఎడ్గర్టన్ బృందంతో నాకు సంబంధం లేదు, ఆయన పేపర్లు మాకు పాఠాలు, అంతే. కాస్త పొడుగ్గా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆయన నిజంగా చెప్పినదేమిటో తెలిస్తే, ఆ సెంటరు వాళ్లు అమ్ముతున్నదేమిటో మీకే అర్థమవుతుంది.

కోడిని కోశాక తల లేని మొండెం పెరట్లో నాలుగు గజాలు పరుగెత్తడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆ పరుగుకు మెదడు అక్కర్లేదు, అడుగు తర్వాత అడుగు వేయించే నాడుల అల్లిక వెన్నుపాములోనే ఉంది. 1911లోనే గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద దీన్ని చూపించాడు. అయినా చాలాకాలం పాటు వైద్యులు వెన్నుపామును మెదడు నుంచి కండరాలకు కబుర్లు మోసే తీగల కట్టగానే లెక్కించారు. తీగ తెగితే కబురు ఆగినట్టే, ఇక చేసేదేమీ లేదన్నమాట. లాస్ ఏంజెలస్‌లో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో రెగ్గీ ఎడ్గర్టన్ దశాబ్దాల పాటు పోరాడింది ఈ నమ్మకంతోనే. వెన్నుపాము పూర్తిగా తెగిన పిల్లులను ట్రెడ్‌మిల్ మీద రోజూ నడిపిస్తే, కొన్ని వారాలకు వాటి వెనక కాళ్లు ఒంటి బరువు మోస్తూ అడుగులు వేశాయి. 1990ల చివర్లో ఆయన బృందం ఇంకొక మెట్టు ముందుకు వెళ్లి, కొన్ని పిల్లులకు అడుగులు వేయడం, కొన్నింటికి నిలబడటం మాత్రమే నేర్పింది. అడుగులు నేర్చినవి నడిచాయి. నిలబడటం నేర్చినవి చక్కగా నిలబడ్డాయి గానీ అడుగులు సరిగా వేయలేకపోయాయి. శిక్షణ మానేస్తే నేర్చిన అడుగులు కూడా కొన్ని నెలల్లో తగ్గిపోయాయి. మెదడుతో సంబంధం తెగిన వెన్నుపాము కూడా నేర్చుకుంటుంది, ఏది నేర్పితే అదే నేర్చుకుంటుంది, వదిలేస్తే మరచిపోతుంది. ఆయన పనిలో నన్ను అన్నిటికన్నా కదిలించినది ఇదే. కరెంటు సంగతి ఆ తర్వాత వచ్చింది.

మనుషుల్లో శిక్షణ ఒక్కటే చాలలేదు. 2011లో లాన్సెట్ పత్రికలో ఒక యువకుడి వివరాలు వచ్చాయి. రోడ్డు ప్రమాదంలో మెడ కింది భాగంలో వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లూ పడిపోయిన మనిషి. 26 నెలల్లో 170 సార్లు ట్రెడ్‌మిల్ శిక్షణ తీసుకున్నా మార్పు రాలేదు. అమెరికాలోని లూయీవిల్‌లో సూసన్ హార్కెమా, ఎడ్గర్టన్, రష్యా నుంచి వచ్చిన గెరసిమెంకో తదితరుల బృందం అతని నడుము భాగంలో వెన్నుపాము పైపొర మీద 16 ఎలక్ట్రోడ్ల పలకను ఆపరేషను చేసి అమర్చింది. కరెంటు పెట్టి నిలబెడితే ఎవరూ బరువు మోయకుండా, తూలకుండా పట్టుకుంటే చాలన్నట్టుగా నాలుగు నిమిషాలకు పైగా నిలబడ్డాడు. ఏడు నెలల తర్వాత, కరెంటు ఉన్నంతసేపు, తన ఇష్టప్రకారం కాళ్లు కదిలించగలిగాడు.

ఆ కరెంటు కండరాన్ని పట్టి లాగదు. ఊళ్లో బోరింగు పంపు ఎండిపోతే ఒక చెంబెడు నీళ్లు పోసి కొడతామే, అలాంటిది. పోసిన నీళ్లు బిందె నింపవు. లోపలి నీరు పైకి రావడానికి వీలు కల్పిస్తాయి. కొట్టడం మాత్రం మనమే కొట్టాలి.

సందేహాల_సుబ్బయ్య
మెదడు లేకుండా కాళ్లు నడుస్తాయన్న సంగతి మా పంచాయతీ ఎన్నికల్లో ఎప్పుడో రుజువైంది. అది అలా ఉంచితే, ఇక్కడ నాకొక సందేహం. మీరు చెప్పినవన్నీ వెన్ను తెగిన కేసులు. బంటి వెన్నుపాము తెగలేదు కదా, దెబ్బ మెదడులో ఉంది. తాళం ఒకచోట పాడైతే ఇంకోచోట నూనె వేసినట్టు లేదా?

పిల్లల_ఫిజియో
సుబ్బయ్యగారి ప్రశ్న సరైనది. నెలలు నిండని పిల్లల్లో మెదడు నడుమ ఉండే నీటి గదుల పక్కనున్న తెల్లని పదార్థం సులువుగా దెబ్బతింటుంది. కాళ్లకు వెళ్లే నాడీతంతువులు సరిగ్గా ఆ గదులను ఆనుకునే కిందికి దిగుతాయి, చేతులవి కొంచెం దూరంగా పోతాయి. అందుకే బంటిలాంటి పిల్లలకు మాట, చేతులు బాగుండి కాళ్లు మాత్రం బిగుస్తాయి. వెన్నుపాములోని ప్రతిచర్యలను మెదడు ఎప్పటికప్పుడు అదుపులో పెడుతూ ఉండాలి. ఆ అదుపు చాలినంతగా రాకపోతే, కాలు కొంచెం సాగితే చాలు కండరం విరుచుకుని బిగుస్తుంది. పుట్టుక నుంచీ ఇలాంటి తప్పుడు కబుర్ల మధ్యే పెరిగిన వెన్నుపాము తన అల్లికను కూడా వంకరగానే అల్లుకుంటుందని ఎడ్గర్టన్ బృందం వాదన. కాబట్టి మెదడులోని మచ్చను తుడిచేయలేకపోయినా, కింది అల్లికకు మళ్లీ నేర్పవచ్చునా అని వాళ్లు ప్రయత్నించారు.

2022లో సైన్స్ పత్రిక నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన వాళ్ల పేపరు నేను చదివాను. సీపీ ఉన్న 16 మంది పిల్లలకు ఆపరేషను లేకుండా, చర్మం మీదనుంచే వెన్నుకు కరెంటు ఇస్తూ, వారానికి రెండుసార్లు చొప్పున ఎనిమిది వారాలు కదలికల శిక్షణ ఇచ్చారు. కూర్చోవడం, పాకడం, నిలబడటం, నడవడం వంటివాటిని కొలిచే జీఎంఎఫ్ఎం అనే పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆశ కలిగించే ఫలితమే. అయితే అందులో కరెంటు లేకుండా శిక్షణ మాత్రమే పొందిన పిల్లల జట్టు లేదు. పెరిగిన మార్కుల్లో కరెంటు వాటా ఎంత, శిక్షణ వాటా ఎంత, పిల్లలు ఎదుగుతూ తామే నేర్చుకున్నది ఎంత అన్నది ఆ పేపరు నుంచి విడదీయలేము. పైలట్ అధ్యయనమని వాళ్లే పేరులో పెట్టుకున్నారు. పదహారు మంది మీద చేసిన తొలి ప్రయత్నాన్ని చూపించి నలభై సిట్టింగుల ప్యాకేజీ అమ్మడం ఎక్కడి న్యాయం?

మోడరేటర్
ఆ సెంటరు పేరు, ఊరి పేరు ఎవరూ అడగవద్దు, చెప్పవద్దు. విషయం మీద మాట్లాడుకుంటే సరిపోతుంది.

తాటివనం
నాది నల్లగొండ వైపు. మా తమ్ముడు గీత కార్మికుడు, ఏడేళ్ల కింద మోకు జారి తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస నలిగి రెండు కాళ్లూ పోయాయి. ఇప్పుడు చెట్టు మీదినుంచి పడకుండా కాటమయ్య రక్షణ కవచమని సర్కారు 2024 నుంచి కిట్లు ఇస్తోంది, అప్పుడు అవీ లేవు. ఆపరేషనైన మూడు నెలలకు ఒకాయన స్టెమ్ సెల్స్ (మూల కణాలు) ఎక్కిస్తే లేచి నడుస్తాడన్నాడు. మూడు లక్షలు కట్టాము, మూడు ఇంజక్షన్లు ఇచ్చారు, కాలి బొటనవేలు కూడా కదల్లేదు. ఆ అప్పు మొన్నటి సంక్రాంతికి తీరింది. అప్పట్లో మాకు చూపించింది కూడా వీడియోనే కాబట్టి, బంటి వాళ్ల నాన్న రాసింది చదివితే నాకు గుండె ఆగినంత పనైంది.

నాడీపథం
తాటివనం గారూ, ఈ చర్చ చదివే మిగతావారి కోసం ఒక మాట చేరుస్తాను. మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్‌ను చికిత్సగా ఇవ్వకూడదు. వెన్ను గాయానికైనా సీపీకైనా అనుమతి పొందిన ప్రయోగంలో భాగంగానే ఇవ్వాలి, ప్రయోగంలో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ప్రయోగమని చెప్పి బిల్లు చేతికిచ్చిన చోట రెండింటిలో ఒకటి అబద్ధం.

వెన్నెల_అమ్మ
మీరందరూ వద్దనే చెబుతున్నారు, అది మీకు సులువు. మా పాపకు నాలుగేళ్లు. ఏడాదికి ఒక్క అవకాశం కూడా లేని ఇంట్లో ఆశ చూపించేవాళ్లను నమ్మకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ పరిశోధన అబద్ధం కాదని మీరే అంటున్నారు కదా, మరి ప్రయత్నిస్తే పోయేదేముంది?

గోదారి_గట్టు
అమ్మా, పోయేది డబ్బు ఒక్కటే అయితే నేనూ మీలాగే అనేవాడిని. మా అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు, సీపీ, వీల్‌చైర్‌లోనే ఉంటుంది. తనకు నాలుగేళ్ల వయసు నుంచి పన్నెండేళ్ల దాకా మా ఇంట్లో ఒకటే ధ్యాస, నడిపించాలి. ఆయిల్ మర్దనలు, మొక్కులు, ఆక్సిజన్ గదిలో కూర్చోబెట్టడం, ఒక పెద్దాయన ఇచ్చిన నల్లని గుళికలు, అన్నీ చేశాము. ఆ ఎనిమిదేళ్లలో ఒక్కరు కూడా, నేను కూడా, ఆ పిల్ల తుంటికి ఎక్స్‌రే తీయించాలని అనుకోలేదు. పదమూడో ఏట రాత్రిళ్లు నొప్పితో ఏడుస్తుంటే తీయించాము, ఎడమ తుంటి అప్పటికే గిన్నెలోంచి బయటికి వచ్చేసింది. డయపర్ మార్చడానికి కాళ్లు విడదీస్తే ఆ పిల్ల అరిచిన అరుపు నాకిప్పటికీ వినపడుతుంది. మేము పోగొట్టుకున్నది ఎక్స్‌రే తీయించవలసిన ఎనిమిదేళ్లు.

పిల్లల_ఫిజియో
గోదారి గట్టు గారు రాసింది ఈ చర్చలో అందరికన్నా ముందు రావలసిన మాట. సీపీ పిల్లలను కదలిక శక్తిని బట్టి ఐదు స్థాయిలుగా చూస్తారు. ఏ సాయమూ లేకుండా నడిచేవారు ఒకటో స్థాయి, తల నిలపడానికి కూడా కష్టపడేవారు ఐదో స్థాయి, బంటిలా వాకర్ పట్టుకుని నడిచేవారు మూడో స్థాయి. ఆస్ట్రేలియాలో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో తుంటి జరగడం ఒకటో స్థాయిలో ఎవరికీ లేదు, మూడో స్థాయిలో నూటికి 40 మంది దాకా, ఐదో స్థాయిలో నూటికి 90 మంది దాకా కనిపించింది. నొప్పి వచ్చేదాకా బయటికి తెలియదు. ముందే తెలిస్తే చిన్న చికిత్సతో సరిపోవచ్చు, ఆలస్యమైతే ఎముక కోసి సరిచేయవలసి వస్తుంది. బంటి వాళ్ల నాన్నగారూ, మీ బాబుకు తుంటి ఎక్స్‌రే చివరిసారి ఎప్పుడు తీశారు?

బంటి_నాన్న
ఎప్పుడూ తీయలేదు. ఎవరూ చెప్పలేదు.

చక్రాల_కుర్చీ
నాకు మెడ దగ్గర గాయమై పదకొండేళ్లు. చేతులు భుజాల దాకా కదులుతాయి, వేళ్లు ముడుచుకుని ఉంటాయి. ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను, అందరూ నడక గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఇది రాయవలసి వస్తోంది. 2004లో అమెరికాలో ఆండర్సన్ అనే పరిశోధకురాలు వెన్ను గాయాలున్న 681 మందిని, మీ బతుకు బాగుపడాలంటే ముందు ఏది తిరిగి రావాలి అని అడిగారు. నాలాగా మెడ గాయమైన వారిలో దాదాపు సగం మంది చేతులు అన్నారు. నడుము గాయమైన వారిలో ఎక్కువమంది ముందు చెప్పింది దాంపత్య జీవితం గురించి, అది మన దగ్గర డాక్టర్లు కూడా అడగరు. మూత్రం, మలం మీద అదుపు రెండు జట్లకూ ముఖ్యమే. నడక ఆ రెండు జట్లలో దేనికీ మొదటి స్థానంలో లేదు.

నా సంగతే చెబుతాను. పొద్దున ఇడ్లీ మా అమ్మ ముక్కలు చేసి పెడుతుంది, ఫోర్కును చేతికి పట్టీతో కట్టుకుని ఒక్కో ముక్కా గుచ్చుకుంటాను. స్టీలు గ్లాసును రెండు మణికట్ల మధ్య నొక్కి పట్టి లేపుతాను, కాఫీ వేడిగా ఉంటే పట్టలేను కాబట్టి చల్లారాకే తాగుతాను. పదకొండేళ్లుగా వేడి కాఫీ తాగలేదు. ఎవరైనా వచ్చి నడక ఇస్తాను, బొటనవేలు ఇస్తాను, ఏది కావాలంటే నేను బొటనవేలే తీసుకుంటాను.

సందేహాల_సుబ్బయ్య
ఏకలవ్యుడు వింటే మీకు దణ్ణం పెడతాడు. వేళాకోళం కాదు, నిజంగానే మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. మరి ఈ వెన్ను కరెంటు చేతులకు పనికిరాదా?

నాడీపథం
పనికొస్తుంది, పైగా ఇంతవరకు బలమైన రుజువు ఉన్నది అక్కడే. ఎడ్గర్టన్, గెరసిమెంకో మొదట ఆపరేషను లేకుండా చర్మం మీదనుంచి కరెంటు పంపే పద్ధతిని పైకి తెచ్చారు. మామూలుగా అంత కరెంటు చర్మానికి మంట పుట్టిస్తుంది, సెకనుకు పదివేల సార్లు ఊగే తరంగం మీద ఎక్కించి పంపితే భరించగలిగేలా ఉంటుంది. ఆ దారిలోనే వేరే బృందాలు మెడ గాయమైన 60 మందితో చేసిన ప్రయోగం 2024లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. వారికి ముందు రెండు నెలలు శిక్షణ మాత్రమే, తర్వాత రెండు నెలలు మెడ మీద కరెంటుతో కలిపి శిక్షణ ఇచ్చారు. వారిలో 72 శాతం మందికి చేతుల బలం, చేతులతో చేసే పనులు రెండూ మెరుగుపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో ఆ పరికరానికి అమెరికాలో మందులను, వైద్య పరికరాలను పరిశీలించే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఆ అనుమతి మెడ గాయమైన పెద్దవారి చేతుల కోసమే. సీపీకి కాదు, నడకకూ కాదు.

చక్రాల_కుర్చీ
ఆ పేపరు నేనూ చదివాను. ముక్కుతో ఫోన్ నొక్కుతూ చదివాను కాబట్టి రెండు రోజులు పట్టింది.

సందేహాల_సుబ్బయ్య
నేను కూడా కొంత తవ్వి చూశాను. పిల్లల మీద ఆ 2022 అధ్యయనం చేసిన వాళ్లలో ఎడ్గర్టన్‌కూ, ఆయన సహచరుడు పరాగ్ గాడ్‌కూ ఆ పరికరం తయారుచేసే కంపెనీలో వాటా ఉంది. పులుసు వండినవాడే రుచి చూసి బాగుందంటే ఎలా?

నాడీపథం
వాటా సంగతి నిజమే. దాచలేదు, ఆ పేపరు చివర్లో వాళ్లే రాశారు. పరికరం జనానికి చేరాలంటే ఎవరో ఒకరు కంపెనీ పెట్టక తప్పదు కాబట్టి దాన్ని నేరంగా చూడను. కాని అందుకే, వాటా లేనివాళ్లు, కరెంటు ఇచ్చిన పిల్లలనూ ఇవ్వని పిల్లలనూ పక్కపక్కన పెట్టి కొలిచేదాకా ఆగాలని అంటాను. ఆయన యాభై ఏళ్ల మూలశాస్త్రం మీద నాకు సందేహం లేదు. దాన్ని సీపీ పిల్లలకు అన్వయించడం మాత్రం ఇంకా మొదటి మెట్టులోనే ఉంది.

వెన్నెల_అమ్మ
పిల్లుల గురించి చదివాక నాకు ఒక భయం పట్టుకుంది. మా పాపను రోజూ గంటసేపు చెక్క స్టాండింగ్ ఫ్రేములో బిగించి నిలబెడుతున్నాను. నిలబడటం నేర్పితే నడక పోతుందంటే, నేను చేజేతులా చెడగొడుతున్నానా?

పిల్లల_ఫిజియో
లేదమ్మా, భయపడవద్దు. ఫ్రేము పెట్టేది ఎముకలు గట్టిపడటానికి, తుంటి గిన్నె సరిగా తయారవడానికి, పిక్కలు కురచ కాకుండా ఉండటానికి. దాన్ని ఆపకండి. ఆ పిల్లుల ప్రయోగం నుంచి మనం తీసుకోవలసింది వేరు. ఫ్రేములో నిలబడితే నడక వస్తుందని మాత్రం అనుకోకూడదు. నడక కావాలంటే అడుగులే వేయించాలి, చెంచా పట్టాలంటే చెంచాతోనే సాధన చేయించాలి.

గోదారి_గట్టు
మరి మీ ఫిజియోలే మా అమ్మాయికి ఆరేళ్లపాటు పడుకోబెట్టి కాళ్లు సాగదీయడం తప్ప మరొకటి చేయలేదు కదా. ఈ మాట అప్పుడు ఎవరైనా ఎందుకు చెప్పలేదు? మీ మీద కోపం కాదు, అడగకుండా ఉండలేకపోతున్నాను.

పిల్లల_ఫిజియో
అడగవలసిందే. నేను కాలేజీలో నేర్చుకున్నది కూడా అదే, మొదటి నాలుగేళ్లు నేనూ అదే చేశాను. 2013లో ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్ బృందం సీపీ చికిత్సలన్నిటినీ ఆధారాలతో తూచి, రోడ్డు మీది సిగ్నల్ దీపాల్లా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసింది. పిల్లవాడు తానే ఎంచుకున్న పనిని తానే చేస్తూ సాధన చేయడం, ఇంటి దగ్గర చేయించే సాధన, తుంటిపై నిఘా, ఇవన్నీ ఆకుపచ్చ. గోదారి గట్టు గారు చెప్పిన ఆక్సిజన్ గది ఎరుపు. చేత్తో సాగదీయడం ఆకుపచ్చలో లేదు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అంతవరకు నా దగ్గరికి వచ్చిన పిల్లలకు నేను ఇచ్చినదంతా పసుపే. పిల్లవాడు ఏడుస్తూ పడుకుని ఉండగా మనం చేసేది కాదు, వాడు చెమట పట్టేలా తనంతట తాను చేసేదే లెక్కలోకి వస్తుందని ఎడ్గర్టన్ పని కూడా చెబుతోంది. ఆయన బృందం కరెంటు పెట్టినప్పుడు పిల్లలు పడుకుని లేరు, కదులుతూ ఉన్నారు.

కాబట్టి బంటి వాళ్ల నాన్నగారు ఆ సెంటరుకు వెళ్లి మూడు సంగతులు కనుక్కోవాలి. కరెంటు ఇస్తున్నప్పుడు బాబు ఏం చేస్తూ ఉంటాడు? మొదలుపెట్టేముందు, ముగిశాక జీఎంఎఫ్ఎం కొలిచి కాగితం మీద రాసి ఇస్తారా? వాడే పరికరం ఏమిటి, సీపీ పిల్లలకు వాడటానికి ఎవరు అనుమతించారు? మన క్లినిక్కుల్లో నడుము నొప్పులకు పెట్టే టెన్స్, ఐఎఫ్‌టీ పెట్టెలు కూడా వీపుకు పట్టీలు అతికించే పెడతారు. వీడియోలో చూసేవారికి తేడా తెలియదు.

తాటివనం
ఇంకొక సంగతి కూడా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా సీపీ పిల్లలకు వర్తిస్తుంది, ఏడాదికి లక్ష దాకా వస్తుంది, థెరపీ ఖర్చుకు కూడా అందులో కొంత ఉంటుంది. మా బంధువుల పిల్లకు చేయించాము. వెన్ను గాయాలకు అది లేదు, అందుకే మా తమ్ముడికి రాలేదు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడ ఫిజియో వచ్చే రోజు కూడా కనుక్కోండి.

వెన్నెల_అమ్మ
మీ తమ్ముడు ఇప్పుడు ఎలా ఉన్నాడన్నా?

తాటివనం
బాగున్నాడమ్మా. మొదటి ఏడాది పిరుదు మీద పుండుపడి, అరచేయి పట్టేంత గుంట అయింది. అది మానడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఇప్పుడు కుర్చీలో ప్రతి పావుగంటకూ చేతుల మీద లేచి బరువు మారుస్తాడు, రాత్రి అలారం పెట్టుకుని పక్కకు తిరుగుతాడు, మూత్రానికి నాలుగు గంటలకొకసారి తనే గొట్టం వేసుకుంటాడు. ఊళ్లో సెల్‌ఫోన్ రిపేరు దుకాణం పెట్టాడు. చెట్టెక్కిన చేతులు కాబట్టి పట్టు గట్టిగా ఉంది, కుర్చీని గుమ్మం మీదనుంచి ఒక్క ఊపున దూకిస్తాడు. ఆ మూడు లక్షలలో ముప్ఫై వేలు పెట్టి ముందే మంచి మెత్త, మంచి కుర్చీ కొని ఉంటే ఆ పుండే పడేది కాదని ఇప్పటికీ అంటాడు.

చక్రాల_కుర్చీ
ఆ మెత్త మాట నిజం. గాలి మెత్త కొన్నాక నాకు నాలుగేళ్లుగా పుండు లేదు.

బంటి_నాన్న
పది రోజులు కనపడనందుకు మన్నించండి, రెండు పనులు చూసుకుని వచ్చాను. మొదటిది, ఆ సెంటరుకు వెళ్లి పిల్లల ఫిజియో గారు చెప్పిన మూడూ అడిగాను. అప్పుడే ఒక పాపకు చికిత్స జరుగుతోంది, లోపలికి రానిచ్చారు. పాపను బోర్లా పడుకోబెట్టి, నడుము మీద నాలుగు పట్టీలు వేసి, చేతికి ఫోన్ ఇచ్చారు. బొమ్మల వీడియో చూస్తూ ఇరవై నిమిషాలు అలాగే పడుకుంది. పెట్టె మీద ఐఎఫ్‌టీ అని రాసి ఉంది. కొలతల కాగితం అడిగితే, తేడా మీకే కనపడుతుంది కదండీ అన్నారు. అనుమతి గురించి అడిగాక ఆ అబ్బాయి నాతో మాట్లాడటం మానేసి పక్కవాళ్లను పిలిచాడు. నేను డబ్బు కట్టలేదు.

రెండోది, ఎక్స్‌రే తీయించాము. పిల్లల ఎముకల డాక్టరు గీతలు గీసి, స్కేలు పెట్టి కొలిచారు. ఎడమ వైపు ఫరవాలేదట. కుడి తుంటి బంతి నూటికి 34 వంతులు గిన్నె దాటి ఉందట. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆయన మాత్రం మంచి సమయంలోనే వచ్చారని అన్నారు. తొడ లోపలి కండరాల బిగుతుకు చికిత్స గురించి వచ్చే వారం మాట్లాడదామన్నారు, ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీయమన్నారు.

గోదారి_గట్టు
34 అంటే నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, సంతోషంతోనే. మా అమ్మాయికి మేము మొదటిసారి చూసేసరికి అది వందకు వంద.

పిల్లల_ఫిజియో
30 దాటితే గట్టి నిఘా పెట్టాలి, మీరు పెట్టారు. సాధన విషయానికి వస్తే, బంటిని కూర్చోబెట్టి వాడికి ఏం చేయాలని ఉందో అడగండి. మీకు ఏం కావాలో కాదు, వాడికి ఏం కావాలో అడగండి. దాన్నే రోజూ చేయిద్దాము.

బంటి_నాన్న
అడిగాను. నడక అంటాడనుకున్నాను. మా అరుగు మీదికి ఎవరూ ఎత్తకుండా ఎక్కి, ఎదురింటి వాడితో గోలీలు ఆడాలట. అరుగుకు రెండు మెట్లు, ఒక్కొక్కటి జానెడు ఎత్తు. నిన్న మేస్త్రీని పిలిచి గోడకు ఇనప కడ్డీ బిగించాము. అది పట్టుకుని పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు మొదటి మెట్టు ఎక్కి దిగుతున్నాడు. కుడికాలు పైకి వస్తోంది, ఎడమకాలు లాగవలసి వస్తోంది. అర ఎకరం బేరం వద్దని చెప్పేశాను, అందులో వరి కోయగానే మినుములు చల్లుతున్నాము.

సందేహాల_సుబ్బయ్య
గోలీలలో మోసం చేయడం ఎలాగో నేను నేర్పుతాను, ఫీజు అక్కర్లేదు.

పిల్లల_ఫిజియో
ఎడమకాలు ముందు పెట్టి ఎక్కడం కూడా ఐదుసార్లు చేయించండి, లేకపోతే కుడికాలు ఒక్కటే నేర్చుకుంటుంది. మెట్టెక్కేటప్పుడు వెనక నిలబడండి గానీ నడుము పట్టుకోవద్దు. ఆ ఎక్స్‌రే ఫిల్మును చుట్టి అటక మీద పడేయకుండా బల్లపరుపుగా కవరులో పెట్టి, తేదీ రాసి ఉంచండి. ఆరు నెలల తర్వాత తీసే దాన్ని దీని పక్కన పెట్టి చూస్తేనే జరిగిందో లేదో తెలుస్తుంది. తీసేవాళ్లకు బాబు కాళ్లను ఈసారి పెట్టినట్టే, మోకాలి చిప్పలు నేరుగా పైకి చూసేలా పెట్టమని చెప్పండి.